పరిశోధన ముగిశాక: మేనకోడలికి లేఖ



పిహెచ్.డి. చేసినవారికి అధ్యాపక పదవి దొరకకపోతే అన్నేళ్ల చదువూ వృథా అయినట్టేననే అభిప్రాయం కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో బలంగా ఉండటానికి కారణం లేకపోలేదు. డాక్టరేటు పొందిన మనిషిని ఇక్కడి జనం డిగ్రీ కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో తప్ప మరోచోట చూసిన సందర్భాలు తక్కువ. పేరుకు ముందు 'డాక్టర్' అని ఉండి పాఠం చెప్పని మనిషి ఎదురైతే ఏ ఆసుపత్రి అని అడగడమే ఇక్కడి ఆనవాయితీ. అమ్మాయి పరిశోధన నాలుగో ఏట నడుస్తుండగా, సిద్ధాంత వ్యాసం ఇంకా సగమే రాసివుండగా ఈ ప్రస్తావన తేవడం తొందరపాటుగా తోచవచ్చు. అయితే బోధనేతర ఉద్యోగాలకు కావలసిన సన్నాహం పరిశోధన సాగుతున్న రోజుల్లోనే దాని పక్కన జరగవలసినది గనుకనూ, పట్టా చేతికి వచ్చాక మొదలుపెట్టినవారికి రెండు మూడేళ్ల కాలం ఊరికే గడిచిపోతున్నది గనుకనూ ఇప్పుడే రాయడం ఉచితమనిపించింది.

ముందు లెక్క చూడాలి. కేంద్ర విద్యాశాఖ జరిపే అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో పిహెచ్.డి.లో నమోదై ఉన్నవారు 2014-15లో సుమారు 1.17 లక్షల మంది కాగా, 2021-22 నాటికి ఆ సంఖ్య 2.12 లక్షలకు చేరింది. ఏడేళ్లలో ఇది 81 శాతం పెరుగుదల, అందులోనూ మహిళా పరిశోధకుల సంఖ్య దాదాపు రెట్టింపయింది. అధ్యాపక పదవులు ఆ వేగంతో పెరగలేదన్నది అందరూ ఎరిగినదే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం, నోటిఫికేషన్ వెలువడితే వివాదం కోర్టుకెక్కడం, ఈలోగా ఖాళీలను ఒప్పంద అధ్యాపకులతోనూ, గంటల లెక్కన పారితోషికం తీసుకునే అతిథి అధ్యాపకులతోనూ నెట్టుకురావడం ఒక పద్ధతిగా స్థిరపడిపోయింది. దీనికితోడు నిబంధనలు కూడా నిలకడగా లేవు. విశ్వవిద్యాలయ సహాయ ఆచార్య పదవికి పిహెచ్.డి. తప్పనిసరి అని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో నిర్ణయించి, 2021 జులై నుంచి అమలు చేస్తామని చెప్పి, ఆ గడువును 2023 జులై దాకా పొడిగించి, తీరా ఆ గడువు వచ్చేసరికి నెట్, సెట్ వంటి పరీక్షల ఉత్తీర్ణతే కనీసార్హత అని సవరించింది. పట్టా ఉంటే బోధనలో ముందు వరుస దక్కుతుందనే ధీమా అక్కడితో సడలింది.

ఈ చిక్కు భారతదేశానికే పరిమితమైనది కూడా కాదు. విజ్ఞానశాస్త్రాల్లో పిహెచ్.డి. చేసినవారి గమ్యాలపై లండన్‌లోని రాయల్ సొసైటీ 2010 నాటి ఒక నివేదికలో లెక్కలు ఇచ్చింది. బ్రిటన్‌లో అలాంటి ప్రతి వందమందిలో 53 మంది పట్టా రాగానే విజ్ఞానరంగం వెలుపలి ఉద్యోగాలకు వెళుతున్నారనీ, విశ్వవిద్యాలయంలో శాశ్వత పరిశోధక పదవి దాకా వచ్చేవారు నలుగురికి లోపేననీ, ఆచార్యులయ్యేవారు అర శాతానికి కూడా చేరడంలేదనీ అది తేల్చింది. రాచబాట అని పేరుపడిన దారిలో నడిచేవారు కొద్దిమంది, పక్కదారి అనిపించుకున్నదానిలో నడిచేవారు అత్యధికులు అయినప్పుడు, ఏది బాట, ఏది దారి తప్పడం అన్న ప్రశ్నను బంధువులు కాక అమ్మాయే మళ్లీ వేసుకోవడం మంచిది.

నిజానికి ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది నిరుద్యోగం కాదు, నిరీక్షణ. రేపో మాపో నోటిఫికేషన్ వస్తుందనే ఆశతో అతిథి అధ్యాపకులుగా చేరి, సెలవులకు పారితోషికం లేక, ఏడాదికోసారి పునర్నియామకం కోసం ఎదురుచూస్తూ, పరిశోధనకు తీరిక దొరకక, నలభయ్యో ఏట గాని ఇతర కొలువులవైపు చూడనివారు రాయలసీమ కళాశాలలన్నిటా కనిపిస్తారు. వారి ప్రతిభకు లోటు లేదు, గడువు పెట్టుకోకపోవడమే వారి పాలిట శాపమైంది. పట్టా వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు బోధన ప్రయత్నానికి కేటాయించి, ఆ రెండేళ్లలోనూ ఇతర దరఖాస్తులు సమాంతరంగా పంపుతూ, గడువు తీరిన రోజున మళ్లీ పొడిగించకుండా నిర్ణయం తీసుకోవడం ఈ విషయంలో పాటించదగిన నియమం. విదేశీ పోస్ట్‌డాక్ విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. పోస్ట్‌డాక్ అంటే పిహెచ్.డి. తరువాత మరొక ఆచార్యుని ప్రయోగశాలలో రెండు మూడేళ్ల గడువుతో చేసే తాత్కాలిక పరిశోధనోద్యోగం. కొత్త పద్ధతి నేర్చుకోవడానికి వెళితే అది పెట్టుబడి అవుతుంది, ఏమి చేయాలో తోచక వెళితే అతిథి అధ్యాపకత్వాన్నే డాలర్లలో చేసినట్టవుతుంది.

విశ్వవిద్యాలయం వెలుపల పరిశోధకులు ఏమి చేయగలరన్న ప్రశ్నకు తెలుగువారి చరిత్రలోనే పెద్ద సమాధానం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య చదివి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్ర పరిశోధన సాగించారు. రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఆపై ఏటీపీ అనే అణువులను గుర్తించిన కృషి ఆ వెంటనే వచ్చినది. 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది గాని, అంతటి పని చేసినా శాశ్వత అధ్యాపక పదవి మాత్రం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు, అంటే ఒక మందుల కంపెనీకి, వెళ్లిపోయారు. ఆ తరువాత మిగిలిన ఎనిమిదేళ్లలోనే ఆయన నాయకత్వంలోని బృందాల నుంచి ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, రక్తక్యాన్సర్ చికిత్సకు తొలి బాట వేసిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ వెలువడ్డాయి. బోదకాలు నివారణ కార్యక్రమంలో ఊరూరా మింగించే డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే.

ఈ జీవితాన్ని స్ఫూర్తి కథగా చెప్పుకోవడం అలవాటైపోయి, అందులోని వృత్తిపరమైన పాఠం మరుగున పడింది. హార్వర్డ్‌లో ఆయన సాధించినది ఒక కొలిచే పద్ధతి, దాని ఆధారంగా రెండు మూడు మౌలిక విషయాలు. లెడర్లీలో సాధించినది ఆ పద్ధతిని చేతబట్టుకున్న మనిషి పలు రకాల నిపుణులను ఒక లక్ష్యంవైపు నడిపితే ఏమి జరుగుతుందన్నది. ఆరియోమైసిన్‌నే తీసుకుంటే, దానిని మట్టి సూక్ష్మజీవి నుంచి రాబట్టినవారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఇందుకు చెల్లించవలసిన మూల్యం కూడా ఇక్కడే కనిపిస్తుంది. కంపెనీ పరిశోధనలో ఫలితం బృందానిది, హక్కు యజమానిది, ప్రచురణ ఎప్పుడన్నది పేటెంటు వకీలు తేల్చేది. సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించినప్పుడు ఆయన పేరు ఆ మందులు వాడే వైద్యుల్లో కూడా చాలామందికి తెలియదు. తన పేరు మీద వ్యాసం చూసుకోవడంలోనే సంతోషం ఉన్నవారు ఈ సంగతిని ముందే తూచుకోవాలి, ఎందుకంటే చేరిన తరువాత ఈ విషయంలో కలిగే అసంతృప్తికి జీతం మందు కాదు.

తరువాతి తరంలో ఇదే దారి హైదరాబాదులో ఒక పరిశ్రమగా మారింది. పసుపు రైతు కుటుంబంలో పుట్టిన కల్లం అంజిరెడ్డి పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో 1969లో పిహెచ్.డి. పూర్తిచేసి, ప్రభుత్వరంగ ఐడీపీఎల్‌లో 1975 దాకా పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ స్థాపించారు. అదే పుణే ప్రయోగశాలలో శిక్షణ పొందిన ఎ.వి. రామారావు హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ, సంచాలకులుగా 1995లో విరమించి ఆ ఏడాదే అవ్రా లాబొరేటరీస్ ప్రారంభించారు. వ్యవసాయ శాస్త్రం చదివి, అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి పిహెచ్.డి. తీసుకున్న కృష్ణ ఎల్లా 1996లో పెట్టిన భారత్ బయోటెక్ నుంచే కొవాగ్జిన్ వచ్చింది. అయితే వ్యవస్థాపకుల పేర్లు ఉదహరించడంలో ఒక మోసం ఉంది: వారు లక్షమందిలో ఒకరు. పరిశోధకులకు నిజంగా పనికివచ్చే సమాచారం ఆ కంపెనీల్లో ప్రతి అంతస్తులోనూ కూర్చున్న పేరు తెలియని పిహెచ్.డి.ల గురించినది, వారు చేసే పనుల గురించినది.

ఆ పనులను అమ్మాయి విషయం నుంచే చూస్తే స్పష్టమవుతాయి. పత్తిలో గులాబీరంగు పురుగు మీద, బీటీ ప్రోటీన్లకు అది పెంచుకున్న నిరోధకత మీద అమ్మాయి పరిశోధన. బీటీ పత్తి అంటే నేలలోని ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చినందువల్ల పురుగును చంపే ప్రోటీన్‌ను మొక్క తానే తయారుచేసుకునే పత్తి. ఒక జన్యువున్న విత్తనానికి 2002లోనూ, రెండు జన్యువులున్నదానికి 2006లోనూ దేశంలో అనుమతి వచ్చింది, పదేళ్లు తిరగకముందే గులాబీరంగు పురుగు రెండింటినీ తట్టుకోవడం నేర్చింది. ఈ పురుగును వెదకవలసినది ఆకు మీద కాదు. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలలో, బయటికి నిగనిగలాడుతూ లోపల గింజ తొలిచేసిన కాయల్లో అది ఉంటుంది. అందుకే కౌతాళం రైతు దాన్ని చూసేసరికి దిగుబడి పోయి ఉంటుంది. అమ్మాయి చేసినదల్లా లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన ఎరతో మగ పురుగులను పట్టే సాధనాలు, పొలాల్లో కట్టి, బుట్టకు రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టవలసిన స్థాయి అన్న ప్రమాణం తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) కింది తడి పొలాలకూ, వానాధార నల్లరేగడికీ ఒకే విధంగా పనికివస్తుందా అని పరీక్షించడం. ఆదోని ఎండకు ఎర త్వరగా ఇగిరిపోకుండా బిళ్లలో అమ్మాయి చేసుకున్న చిన్న మార్పు ఆ పనికి అనుబంధంగా వచ్చినదే.

ఇంతవరకు ఇది విశ్వవిద్యాలయపు పని. దీనినే విత్తన కంపెనీ చూస్తే, రెండు నీటి వసతుల్లో మూడు పంటకాలాలు క్షేత్ర ప్రయోగాలు నడిపి, కూలీలతో, రైతులతో, వానతో సర్దుకుంటూ లెక్క తప్పకుండా సమాచారం సేకరించిన మనిషి కనిపిస్తుంది. నూజివీడు సీడ్స్, కావేరి సీడ్స్ వంటి హైదరాబాదు కంపెనీలకూ, గద్వాల ప్రాంతంలో క్రాసింగ్ పద్ధతిన, అంటే పువ్వు పువ్వుకూ చేత్తో పరాగం అద్ది సంకర విత్తనం చేయించే సంస్థలకూ అలాంటివారు ఎప్పుడూ అవసరమే. పురుగుమందుల కంపెనీ చూస్తే మరొక మనిషి కనిపిస్తుంది. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద ఏ మందైనా అమ్మకానికి రావాలంటే ఫరీదాబాదులోని కేంద్ర బోర్డు, రిజిస్ట్రేషన్ సంఘం ముందు అది పురుగు మీద పనిచేస్తుందనీ, పంటలో మిగిలే అవశేషం హద్దు మీరదనీ ప్రయోగ సాక్ష్యాలతో నిరూపించాలి. ఆ దస్త్రాన్ని సిద్ధంచేసి ప్రభుత్వ నిపుణుల ప్రశ్నలకు జవాబు చెప్పే శాఖను రెగ్యులేటరీ విభాగం అంటారు. మూడొందల పేజీల సిద్ధాంత వ్యాసం రాసి, పరీక్షకుల ఎదుట వైవాలో నిలబడ్డవారికి ఈ పని కొత్తగా అనిపించదు. అయినా పరిశోధకుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉన్నట్టే తెలియకపోవడం విశ్వవిద్యాలయాల లోపం. ఆ సాక్ష్యాలను తయారుచేసే ప్రయోగశాలలు కూడా వేరుగా ఉన్నాయి. ప్రతి కొలతనూ ఎవరు, ఎప్పుడు, ఏ పరికరంతో తీశారో చెరపరాని విధంగా నమోదు చేసే గుడ్ లాబొరేటరీ ప్రాక్టీస్ అనే పద్ధతిలో ఇవి పనిచేస్తాయి, ఇతరుల కోసం రుసుము తీసుకుని పరిశోధన చేస్తాయి గనుక వీటిని కాంట్రాక్టు పరిశోధన సంస్థలు అంటారు. మందుల రంగంలో హైదరాబాదు ఇలాంటివాటికి పెద్ద కేంద్రం. విశ్వవిద్యాలయపు నోటు పుస్తకంలో పెన్సిలు రాతలకు అలవాటుపడినవారికి ఈ క్రమశిక్షణ మొదటి ఏడాది ఊపిరాడనివ్వదన్నది కూడా చెప్పుకోవాలి.

ప్రభుత్వ ప్రయోగశాలల సంగతి వేరు. శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సీఎస్ఐఆర్, శాస్త్రవేత్త పదవులకు సాధారణంగా పిహెచ్.డి. అడుగుతారు గాని వయసు పరిమితి 32 ఏళ్ల వద్ద ఉంటుంది, రిజర్వేషన్ వర్గాలకు నిబంధనల మేరకు సడలింపు ఉంటుంది. అమ్మాయి తనకు 32 నిండే తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. కీటకాల విషయంలో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ సస్య ఆరోగ్య యాజమాన్య సంస్థ ప్రత్యేకంగా గమనించదగినవి. ఇక్కడ ఒక గోతిని ముందే చూపించాలి. ఎమ్మిగనూరు పక్కనే బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. అలాంటి ప్రతి కేంద్రంలోనూ ఒక ముఖ్య శాస్త్రవేత్త, ఆయన కింద సస్యరక్షణ మొదలైన విషయాల్లో ఆరుగురు నిపుణులు ఉండాలన్నది ఏర్పాటు. సొంత ఊరికి ఇంత దగ్గరగా, సొంత విషయంలోనే ఉద్యోగం ఉన్నదని ఇంట్లో అందరూ దానిమీదే ఆశపెట్టుకున్నారు. అయితే ఈ కేంద్రాల్లోనూ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ చాలా పదవులకు అడిగేది వ్యవసాయ శాస్త్ర పట్టా. సాధారణ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి కీటకాల మీద పరిశోధన చేసినంత మాత్రాన అర్హత రాకపోవచ్చు. నోటిఫికేషన్ చదివేటప్పుడు జీతం పేరాకు ముందు విద్యార్హతల పేరా చదవడం, అనుమానముంటే దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా అడిగి జవాబు తెప్పించుకోవడం అవసరం. 1906 నుంచి పనిచేస్తున్న నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో శాశ్వత పదవి రాకపోయినా, నిర్ణీత కాలపు ప్రాజెక్టుల్లో సహాయ పరిశోధకులుగా చేరడానికి అవకాశాలు అప్పుడప్పుడు వస్తుంటాయి. పత్తి మీద పనిచేసేవారికి అక్కడ గడిపిన ఒక్క పంటకాలమైనా లాభమే.

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలే ఇలాంటి చదువును ఎందుకు పోషించవన్నది అమ్మాయి తరచుగా అడిగే ప్రశ్న, అది సబబైన ప్రశ్న. ఆదోని పత్తి యార్డులో ఏటా కోట్ల రూపాయల సరుకు చేతులు మారుతుంది. ధర నిర్ణయమయ్యేది మాత్రం కొనుగోలుదారు కుప్పలో చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి, పింజ లాగి చూసే అరనిమిషంలో. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రం ఎనిమిది శాతం చూపితే పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికీ కోత, పన్నెండు దాటితే సరుకు వెనక్కి. పింజ పొడవు, దూదిపోగు మందాన్నీ పక్వతనూ కలిపి సూచించే మైక్రోనేర్, బలం వంటివి రైతు ఎదుట కొలిచే ఏర్పాటు వస్తే ధరల చిత్రమే మారుతుంది. పత్తి సాంకేతికత కోసమే 1924 నుంచి ముంబైలో ఒక కేంద్ర సంస్థ నడుస్తున్నా, ఆ జ్ఞానం యార్డు గేటు దాకా రావడానికి మధ్యలో మనిషి లేడు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టినప్పుడు నేతగాడికీ మార్కెట్టుకూ మధ్య ఇలాంటి ఖాళీనే ఒక సంస్థతో పూరించారు. కాని అవసరం ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఉన్నట్టు కాదు. అవసరానికి డబ్బు చెల్లించేవారు దొరికినప్పుడే అది ఉద్యోగమవుతుంది. పశ్చిమ కర్నూలులో ప్రస్తుతం అలా చెల్లించేవారు కొద్దిమంది, అందుచేత మొదటి ఐదారేళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో గడపవలసి వస్తుందని మనసు సిద్ధం చేసుకోవడం మేలు. ఆ తరువాత తిరిగివచ్చి సొంతంగా ఏదైనా పెట్టదలిస్తే, కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు ఒక ఆలోచనను పద్దెనిమిది నెలల్లో నమూనాగా మార్చడానికి 50 లక్షల రూపాయల దాకా అందిస్తుంది, రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ, అంటే నార్మ్, ప్రాంగణంలో వ్యవసాయ స్టార్టప్‌లకు ఎ-ఐడియా అనే పోషక కేంద్రం కూడా ఉంది.

అమ్మాయితో హాస్టలు గదిలో ఉండే ఇద్దరి సంగతి కూడా ఉత్తరంలో అడిగింది గనుక క్లుప్తంగా. తెలుగు శాఖలో పరిశోధన చేస్తున్న అమ్మాయి నెల్లూరులోని ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రాన్నీ, మైసూరులోని కేంద్రీయ భారతీయ భాషల సంస్థనూ, 2022లో మొదలైన భాషిణి పథకం చుట్టూ జరుగుతున్న యంత్రానువాదం, వాక్కును గుర్తించే పరిజ్ఞానం వంటి పనులనూ గమనించాలి. మాండలికాలు, వ్యాకరణం తెలిసి, కొద్దిగా పైథాన్ నేర్చినవారికి ఆ రంగంలో ఇప్పుడున్న గిరాకీ కళాశాలల్లో లేదు. శాసనాల మీద ఇష్టముంటే పురావస్తు శాఖ శాసన విభాగం ఉండనే ఉన్నది, అశోకుని శాసనాలు దొరికిన ఎర్రగుడి ఈ జిల్లాలోనిదే. అర్థశాస్త్రం చేస్తున్న అమ్మాయికి పరిపాలన రంగం తెరిచివుంది. రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా పనిచేసిన కడప జిల్లావాసి వై.వి. రెడ్డి, ఆయన తరువాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు ఇద్దరూ ఐఏఎస్ అధికారులే, ఇద్దరూ తెలుగునాట విశ్వవిద్యాలయాల నుంచి అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందినవారే. పరిశోధన వల్ల వయసు పరిమితి దాటిపోకుండా చూసుకోవడమొక్కటే ఆ దారిలో జాగ్రత్త.

దరఖాస్తు రాసే తీరు గురించి కాస్త నిదానించి చెప్పవలసి ఉంది, ఎందుకంటే మంచి పరిశోధకులు వెనకబడేది ఎక్కువగా ఇక్కడే. విశ్వవిద్యాలయానికి పంపే జీవితపత్రంలో సదస్సుల పేర్లు, పత్రాల శీర్షికలు పేజీలకు పేజీలు ఉంటాయి. కంపెనీ అధికారి దానికి ఒక నిమిషం కూడా కేటాయించడు. అమ్మాయి గత నెల పంపిన ముసాయిదాలో మొదటి వాక్యం పశ్చిమ కర్నూలు పత్తిలో గులాబీరంగు పురుగు ఉధృతి, బీటీ ప్రోటీన్ల నిరోధకతపై అధ్యయనం అని ఉంది. అది విషయం చెబుతున్నది గాని మనిషిని చూపడంలేదు. ఎన్ని గ్రామాల్లో ఎన్ని బుట్టలు పెట్టారు, వారానికెన్నిసార్లు లెక్క తీశారు, తెగిపోయిన సమాచారాన్ని ఏ గణాంక పద్ధతితో సరిచేశారు, ఎంత ఖర్చులో ముగించారు, ఆ ఫలితం చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చుకున్నారు అన్న ఐదు సంగతులు సంఖ్యలతో నాలుగు వాక్యాల్లో వస్తే అదే పరిశోధన ఉద్యోగార్హతగా మారుతుంది. రెండో పంటకాలంలో వానలు ఎగ్గొట్టినప్పుడు ప్రయోగాన్ని ఎలా మార్చుకున్నదీ ఒక వాక్యంలో తప్పకుండా రాయాలి. అనుకున్నది జరగనప్పుడు ఏమి చేశారన్నదే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న. పత్రాల జాబితా ఒక్క వరుసకు కుదించడానికి చెయ్యి రాదు, అయినా కుదించాలి.

ఇంటి ఒత్తిడిని విడిగా ప్రస్తావించకపోతే ఈ లేఖ అసంపూర్ణం. ఆడపిల్లకు ముప్పై దగ్గరపడుతుంటే ఇంకా చదువేనా అని అడిగేవారు శ్రావణమాసంలో ఇక్కడి ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వచ్చే ప్రతి బంధువుల గుంపులోనూ ఉంటారు, వారికి జవాబు చెప్పే బాధ్యత మేనమామది. అమ్మాయి తెలుసుకోవలసినవి నిబంధనలు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు, అవసరమైతే పునర్నమోదుతో మరి రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు. మొత్తం పరిశోధన కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. కాబట్టి పెళ్లా, పరిశోధనా అన్న ప్రశ్న చట్టం దృష్టిలో లేదు, ఉన్నది ఇళ్లల్లోనే. డబ్బు లెక్క మాత్రం కఠినమైనది. జెఆర్ఎఫ్, అంటే జాతీయ పరీక్షలో నెగ్గినవారికి తొలి రెండేళ్లు ఇచ్చే పరిశోధన వేతనం, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాతి దశలో 42,000. రెండూ కలిపి ఐదేళ్లకు మించవు. వచ్చే ఏడాది ఆ వేతనం ఆగిపోయే నాటికి సిద్ధాంత వ్యాసం సమర్పించి ఉండటం, సమర్పించిన నాటినుంచి వైవా జరిగే నాటివరకు గడిచే నెలలకు సరిపడా డబ్బు విడిగా దాచుకోవడం అవసరం, ఎందుకంటే ఆ మధ్యకాలంలోనే చాలామంది మొదట దొరికిన అతిథి అధ్యాపక పనిని ఒప్పుకుని అక్కడే ఆగిపోతున్నారు. ఆ నెలలను పేటెంట్ ఏజెంటు పరీక్షకు చదవడానికి వాడుకోవచ్చు. ఆవిష్కర్తల తరఫున పేటెంటు దరఖాస్తులు రాసి, కార్యాలయంలో వాదించడానికి ప్రభుత్వం గుర్తించిన వ్యక్తిని పేటెంట్ ఏజెంటు అంటారు. సైన్సు లేదా ఇంజనీరింగు డిగ్రీ ఉండి 21 ఏళ్లు నిండిన భారత పౌరులెవరైనా ఆ పరీక్షకు కూర్చోవచ్చు, పిహెచ్.డి. అక్కర లేకపోయినా ఉన్నవారికి ఆ వృత్తిలో విలువ ఎక్కువ.

పేటెంటు మాట వచ్చింది గనుక అన్నిటికన్నా తొందరగా చేయవలసిన పని ఒకటి మిగిలింది. ఎండకు తట్టుకునే ఎర బిళ్ల సంగతి సిద్ధాంత వ్యాసం నాలుగో అధ్యాయంలో ఉంది. వ్యాసాలన్నీ మూల్యాంకనం పూర్తయ్యాక శోధ్‌గంగ అనే జాతీయ భాండారంలో ఎవరైనా చదివేలా పెడతారు. ఒకసారి అలా బహిరంగమైన సంగతికి కొత్తదనం పోయి, పేటెంటు రావడం దాదాపు అసాధ్యమవుతుంది. వచ్చే నెల సదస్సులో దాన్ని పోస్టరుగా చూపినా చిక్కే. అందుచేత గైడుతో మాట్లాడి, హక్కు విశ్వవిద్యాలయానిదా, పరిశోధకురాలిదా, ఇద్దరిదీనా అన్నది వారి నియమావళి ప్రకారం తేల్చుకుని, తాత్కాలిక వివరణతో ముందు దరఖాస్తు దాఖలు చేయించాలి. అలా చేస్తే పూర్తి వివరణ ఇవ్వడానికి పన్నెండు నెలల వ్యవధి దొరుకుతుంది, ఆ పన్నెండు నెలల్లో మరొక పంటకాలం బిళ్లను పొలంలో పరీక్షించడానికి కౌతాళం రోడ్డులోని రెండెకరాలు ఖాళీగానే ఉన్నాయి, బుట్టలు కట్టే కర్రలు కూడా కొట్టంలో ఉన్నాయి. గైడు ఏమన్నారో ఆదివారం లోపల ఫోను చేసి చెప్పాలి.